‘అమెరికాలో’ అని కాదు, ఏ రాష్ట్రమో రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

‘అమెరికాలో రోడ్డు ప్రమాదం, తెలుగు విద్యార్థి మృతి’. ఇలాంటి శీర్షికలు మీ పత్రికలో తరచూ చూస్తున్నాం. పిల్లలు అక్కడున్న తల్లికి ఆ అక్షరాలు కనబడ్డాక, కింద ఊరి పేరు దొరికేదాకా ప్రాణం కుదుటపడదు. ఆ ఊరి పేరేమో మూడో పేరాలో ఉంటుంది, లేదంటే ‘మిగతా లోపలి పేజీలో’ ఉంటుంది. రాష్ట్రం పేరు శీర్షికలోనే వేస్తే మీకొచ్చే నష్టమేమిటండీ? చోటు చాలదందామంటే, ‘అమెరికాలో’ కంటే ‘ఒహాయోలో’ అన్నదే చిన్నది.

నేను భీమవరం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. అమ్మాయి కాపురం టెక్సాస్‌లో, డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో. అబ్బాయి న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాడు. ఇద్దరి దగ్గరికీ వెళ్ళి వస్తుంటాను. అందుకని మావుళ్ళమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని గుడి బయటికొస్తే చాలు, ఎవరో ఒకరు ఆపి అమెరికా సంగతులు అడుగుతారు. చెప్పడానికి నాకేం విసుగు లేదు, ముప్పయ్యేళ్ళు అదే పని చేశాను. కానీ ‘ఏ రాష్ట్రం?’ అని తిరిగి అడక్కుండా జవాబు చెప్పగలిగే ప్రశ్న మాత్రం అరుదు. అడిగినవాళ్ళు దానికి తెల్లమొహం వేస్తారు. తప్పు వాళ్ళది కాదు. పత్రికల్లో, టీవీల్లో అమెరికా అంటే ఒకటే ఊరు అన్నట్టు చెబుతుంటే వాళ్ళకెలా తెలుస్తుంది?

2025 జులై 4న టెక్సాస్‌లో గ్వాడలూప్ నది పొంగింది. కెర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 45 నిమిషాల్లో నీరు 26 అడుగులు లేచిందని అక్కడి అధికారులు చెప్పారు. రాష్ట్రం మొత్తం మీద 130 మందికి పైగా పోయారు. నది ఒడ్డున వేసవి క్యాంపుకని వెళ్ళిన ఆడపిల్లలు నిద్రలోనే వరదపాలయ్యారు. ఇక్కడ పత్రికలన్నీ ‘టెక్సాస్‌లో వరదలు’ అని పెద్ద అక్షరాలతో వేశాయి. అంతే, మా ఇంటికి ఫోన్ల మీద ఫోన్లు. తణుకు నుంచి మా ఆడపడుచు ఏడుస్తూ చేసింది. ఆవిడను ఇంటికి రమ్మని బల్ల మీద అట్లాస్ పరిచాను. వరదొచ్చిన కెర్ కౌంటీలోని కెర్‌విల్ ఊరు అందులో లేదు, శాన్ ఆంటోనియో నగరం ఉంది. కెర్‌విల్ దానికి కాస్త వాయవ్యంగా ఉంటుంది. అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టి, క్లాసులో పిల్లలకు చూపించినట్టు డల్లాస్ దాకా దారం పరిచి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి చూపించాను. ఫ్రిస్కోకు రోడ్డు మీద దాదాపు 500 కిలోమీటర్లు. చెన్నై మునిగిందని భీమవరంలో మనల్ని పరామర్శించినట్టు. ‘ఇంత దూరమా వదినా, ఒకటే రాష్ట్రంలోనా?’ అంది.

ఒకటే రాష్ట్రంలోనే. మన ఆంధ్ర, తెలంగాణ కలిపితే 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు. టెక్సాస్ ఒక్కటే 6.95 లక్షలు. పడమటి కొసన ఉన్న ఎల్ పాసో ఊరికి గడియారం కూడా వేరు, డల్లాస్ కంటే గంట వెనక. ఐ-10 అనే రహదారి టెక్సాస్‌లో ఈ హద్దు నుంచి ఆ హద్దుకు 880 మైళ్ళు, అంటే 1,400 కిలోమీటర్ల పైమాటే. హైదరాబాదులో బయల్దేరితే ఇంచుమించు ఆగ్రా చేరిపోతాం.

అందుకే రాష్ట్రం పేరొక్కటి వేస్తే సరిపోదు, పక్కన చిన్న మ్యాపు కూడా కావాలంటాను. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను తీరం దాటింది ఫ్లోరిడాలో. కానీ ఘోరంగా దెబ్బతిన్నది సముద్రానికి వందల మైళ్ళ దూరంలో, నార్త్ కరోలినా పడమటి కొండల్లో ఉన్న ఆష్‌విల్ ప్రాంతం. వార్తలో ఫ్లోరిడా అనే చూసినవాళ్ళు కొండల్లో ఉన్న పిల్లలు క్షేమమే అనుకుని ఊరుకున్నారు. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ చుట్టూ అడవి అంటుకుంటే, అక్కడికి 600 కిలోమీటర్ల దూరాన, అదే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్నవాళ్ళకు ఇక్కడివాళ్ళు నిద్ర లేకుండా చేశారు.

ఇక ఊళ్ళ పేర్లు. మా వీధిలో ఒక సంబంధం వచ్చింది, అబ్బాయి వాషింగ్టన్‌లో ఉద్యోగం. ‘వైట్ హౌస్ ఉన్న ఊరే’ అని పిల్ల నాయనమ్మ వీధంతా చెప్పుకొచ్చింది. ఆరా తీస్తే అబ్బాయి ఆఫీసు రెడ్‌మండ్‌లో, మైక్రోసాఫ్ట్ ఉన్న ఊళ్ళో. అది వాషింగ్టన్ రాష్ట్రం, పడమటి కొస. వైట్ హౌస్ ఉన్నది వాషింగ్టన్ డీసీలో, తూర్పున. మధ్యలో 3,700 కిలోమీటర్లు. సంబంధం మంచిదే లెండి, కుదిరింది. కానీ పత్రికల వాళ్ళు కూడా రెండింటికీ ఉత్త ‘వాషింగ్టన్’ అని రాస్తే ఎలా? అరోరా అంటే షికాగో దగ్గర వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న అరోరా ఒకటి, కొలరాడోలో డెన్వర్‌ను ఆనుకుని ఇంకొకటి. ఆర్లింగ్టన్ డల్లాస్ దగ్గరా ఉంది, వర్జీనియాలోనూ ఉంది.

పెళ్ళి మాటల్లో జీతాలు పోల్చేవాళ్ళకూ ఒక మాట. టెక్సాస్, ఫ్లోరిడా, వాషింగ్టన్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కేంద్రానికి కట్టే పన్ను ఎక్కడున్నా తప్పదు. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో దాని మీద రాష్ట్రం వాటా కూడా పోతుంది. అలాగని టెక్సాస్ స్వర్గమేం కాదు, అక్కడ ఇంటి పన్ను బాగా బాదుతారు. మా అల్లుడు ఆ కాగితం వచ్చిన రోజు అన్నం సరిగ్గా తినడు. న్యూజెర్సీలోనూ ఇంటి పన్ను ఎక్కువే, కాబట్టి మావాడికి రెండు వైపులా వాయింపే. ఈ లెక్క చూడకుండా అబ్బాయి జీతంలో పదివేల డాలర్లు తక్కువని సంబంధం వదులుకున్నవాళ్ళను నేనెరుగుదును.

ప్రయాణమనగానే అందరూ స్వెట్టర్లు సర్దమంటారు. జూన్‌లో ఫ్రిస్కోకు స్వెట్టర్లా! జులై, ఆగస్టుల్లో అక్కడ ఎండ నూరు డిగ్రీలు దాటుతుంది. వాళ్ళ నూరు ఫారెన్‌హీట్ లెండి, మన లెక్కలో 38. కానీ ఆ టెక్సాస్‌లోనే 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకు కరెంటు పోయి లక్షల ఇళ్ళు చీకట్లో గడ్డకట్టాయి, 200 మందికి పైగా చనిపోయారు. డల్లాస్ వెళ్ళేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. అక్కడ నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి సుడిగాలి సైరన్లు మోగించి పరీక్ష చేస్తారు. ఎవరూ చెప్పకపోతే, ఒంటరిగా ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళకు గుండె ఆగినంత పనవుతుంది. ‘ఎలాగూ డల్లాస్ వెళ్తున్నావు కదా, నయాగరా చూసొచ్చెయ్’ అనేవాళ్ళకు కూడా చెబుతున్నాను. డల్లాస్ నుంచి అది రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు. ఎడిసన్ నుంచయితే కారులో ఒక పగటి ప్రయాణం.

మీ విలేకరులకు పనికొచ్చే సూత్రం ఒకటి చెబుతాను, మా అల్లుడి కారులో ముందు సీట్లో కూర్చుని పట్టుకున్నాను. అక్కడి పెద్ద రహదారుల్లో బేసి అంకెలవి ఉత్తర దక్షిణాలుగా, సరి అంకెలవి తూర్పు పడమరలుగా పోతాయి. బేసివి పడమటి తీరాన 5తో మొదలై తూర్పు తీరాన 95 దాకా పెరుగుతాయి. సరివి దక్షిణాన 10, ఉత్తరాన 90. కాబట్టి పోలీసులు ‘ఐ-95 మీద ప్రమాదం’ అన్నారంటే అది తూర్పు తీరం, ‘ఐ-5’ అంటే కాలిఫోర్నియా, ఓరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఎక్కడో. డల్లాస్ మీదుగా పోయేది 35, దేశానికి నడిమధ్య. మావాడు ఎక్కేది 95 గనక, ఆ అంకె కనబడితే నేను వార్త చివరిదాకా చదువుతాను. మిగతావాళ్ళకు ఈ మాత్రం ఆధారం కూడా ఉండదు కదా.

ఏ రాష్ట్రమైనా ఒకటేలా ఉండే విషయాలూ కొన్ని ఉన్నాయి. వాటికి మీ ఎన్నారై పేజీలో శాశ్వతంగా చోటివ్వండి. వీసా పదేళ్ళకిచ్చారు కాబట్టి పదేళ్ళూ ఉండొచ్చనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎన్నాళ్ళుండాలో తేల్చేది విమానం దిగాక అక్కడి అధికారి. మామూలుగా ఆరు నెలలిస్తారు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో (ఇది రహదారి కాదు లెండి) ఉంటుంది, ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. ఇక్కడి నుంచి తీసుకెళ్ళే ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత జబ్బులు పట్టవు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు షరతులు చదివించుకుని కొనాలి. పచ్చళ్ళు, పొడుల వరకు ఫరవాలేదు, దేన్నీ దాచకుండా అక్కడి అధికారులకు చెప్పాలి. మాంసం మాత్రం వద్దు. మా ఊరి రొయ్యలు కంటైనర్లలో దర్జాగా అమెరికా వెళ్తాయి గానీ, వేటమాంసం పచ్చడి సూట్‌కేసులో వెళ్ళదు.

చివరిగా ఒక విన్నపం. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. ఆ రెండు ఆదివారాలకూ ముందు రోజు శనివారం మొదటి పేజీలో చిన్న బాక్సు కట్టి వేయండి. వేసవిలో న్యూజెర్సీ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక, డల్లాస్ పదిన్నర, కాలిఫోర్నియా పన్నెండున్నర. చలికాలంలో అన్నిటికీ ఒక గంట కలపాలి. ఆరిజోనాలో మాత్రం, నవాహో అనే ఆదివాసీల ప్రాంతం తప్పించి, గడియారం ముట్టుకోరు, ఏడాది పొడుగునా పన్నెండున్నరే. పిల్లలు ఆఫీసు మీటింగులో ఉండగానో, అర్ధరాత్రో ఫోను చేసి చీవాట్లు తినే తల్లిదండ్రులు ఆ బాక్సు కత్తిరించి గోడకు అంటించుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ ఉపాధ్యాయురాలు,
భీమవరం