స్పీకర్ పెట్టకుండా చదువుకో

ఫ్రిస్కో, టెక్సస్
జనవరి 6, 2026

అమ్మా,

ఫోన్‌లో చెబుదామంటే నువ్వు స్పీకర్ పెడతావు, పక్కన పెదనాన్న ఉంటారు. అందుకే రాస్తున్నాను. బుజ్జిగాడికి జలుబు తగ్గింది. నువ్వు పంపిన శొంఠి వాడలేదు, కోప్పడకు.

పెదనాన్న అడిగారటగా, "బీడీఎస్ చదివించింది అక్కడ కుర్చీ పక్కన ఉమ్మి లాగే సక్షన్ గొట్టం పట్టుకోవడానికా, ఇంతకీ ఎంతిస్తారు?" అని. ఆయన డాలరుని 90తో గుణించి ఊరంతా చెప్పకముందే నేనే చెప్తాను. డెంటల్ అసిస్టెంటుగా గంటకి 22 డాలర్లు. చేరినప్పుడు 16. అప్పుడు నాకు ఎక్స్‌రే తీసే అర్హత కూడా లేదమ్మా, తెనాలిలో ఎన్ని తీశానో నీకు తెలుసుగా! టెక్సస్‌లో అసిస్టెంట్ ఎక్స్‌రే తీయాలంటే స్టేట్ డెంటల్ బోర్డులో రిజిస్టర్ కావాలి. కోర్సు చదివి అది తెచ్చుకున్నాక 19 చేశారు. పళ్లు కట్టే డాక్టరు దగ్గర నుంచి పళ్లు పీకే సర్జన్ దగ్గరికి మారాక 22 అయింది. స్పానిష్ వచ్చుంటే ఇంకాస్త అడిగేదాన్ని. కాలిఫోర్నియాలో నా ఫ్రెండుకి నాకన్నా బాగా ఎక్కువే, కానీ దాని ఇంటి అద్దె వింటే నాన్నకి కళ్లు తిరుగుతాయి. పైగా మాకు స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు, దానికి ఉంది.

దేశం మొత్తం మీద డెంటల్ అసిస్టెంట్ల జీతం 2024 మే లెక్క ప్రకారం ఏడాదికి 47,300. సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ. గంట రేటు చూస్తే నేను దాదాపు ఆ మధ్యలోనే ఉన్నాను. గంటలే తక్కువ. శుక్రవారం క్లినిక్ ఉండదు, పేషెంట్ రాకపోతే మధ్యాహ్నమే ఇంటికి పొమ్మంటారు, ఆ గంటలకి డబ్బుండదు. వారానికి 34 వస్తే మంచి వారం. హెల్త్ ఇన్సూరెన్స్ మీ అల్లుడి కంపెనీదే. కటింగులన్నీ పోగా నెలకి 2,600 దాకా చేతికొస్తుంది, అందులో 1,400 డేకేర్‌కే. పెదనాన్నకి ఈ వాక్యం మాత్రం చదవొద్దు.

పళ్లు క్లీన్ చేసే హైజీనిస్టుకి అసిస్టెంటుకి రెట్టింపు వస్తుంది, దానికి వేరే రెండు మూడేళ్ల కోర్సు. మళ్లీ డాక్టర్ని కావాలంటే పరీక్ష రాసి, ఇక్కడి కాలేజీలో రెండు మూడేళ్లు చదవాలి. ఫీజు లక్ష డాలర్లు దాటుతుంది. నాన్న ఒకసారి పొలం అమ్మింది చాలు. ఈ మాట ఇక తేవద్దు.

మొన్న ఏమైందో తెలుసా! గుంటూరు నుంచి కొడుకు దగ్గరికొచ్చిన పెద్దావిడ, జ్ఞానదంతం నొప్పి. కొడుకు పార్కింగ్ వెతుక్కుంటున్నాడు, ఆవిడ నోరు తెరవదు. నేను వెళ్లి "ఏం కాదు పిన్నిగారూ, మత్తిచ్చేటప్పుడు చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అన్నాను. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పన్ను తీశాక, నోట్లో దూది పెట్టుకునే అడిగింది చూడు: ఏ ఊరమ్మా, ఎవరమ్మాయివి, ఎంతిస్తారు! పెదనాన్న ఇక్కడికీ వచ్చేశారు అనుకున్నాను. వెళ్తూ "వస్తాను డాక్టరమ్మా" అంది. సరిచేయలేదు. చేయాల్సింది.

మెడనొప్పి గురించి నీకెవరు చెప్పారు? మీ అల్లుడేనా? రోజంతా వంగి నిలబడితే వస్తుంది, అక్కడా వచ్చేది.

అసలు టెన్షన్ కార్డుది. వర్క్ పర్మిట్ జూన్‌లో అయిపోతుంది. ఇదివరకు టైముకి రెన్యువల్ పెడితే, కొత్తది వచ్చేలోపు కొన్నాళ్లు పాత కార్డు మీదే నడిచేది. 2025 అక్టోబరు 30 నుంచి అది తీసేశారు. పెట్టేశాం, జూన్‌కి రాకపోతే ఇంట్లో కూర్చుంటాను. బుజ్జిగాడు సంతోషిస్తాడు. నువ్వు దీనికి మొక్కులు మొక్కొద్దు, పోయినసారివే తీరలేదు.

సంక్రాంతికి అరిసెలు పంపొద్దు, కొరియర్ ఖర్చుకి ఇక్కడే నెల్లాళ్లు కొనుక్కోవచ్చు. గోంగూర పచ్చడి మాత్రం పంపు.

నాన్నకి ఆ కింది దవడ పన్ను పీకేద్దామన్నారటగా, ఒప్పుకోవద్దను. ముందు ఎక్స్‌రే తీయించి నాకు వాట్సాప్‌లో పెట్టు. మెరుపు పడకుండా, కిటికీ వెలుతురుకి పట్టుకుని ఫొటో తియ్యి. నేను చూసేదాకా ఎవరూ ఆ పన్ను ముట్టుకోకూడదు.

నీ
చిన్ని