ఆదివారం జాన్ మార్టిన్ వింటున్నాం, ముందే ఇది చదవండి

అందరికీ నమస్కారం. జాన్ మార్టిన్ బ్రిటిష్ గాయకుడు, గిటారిస్టు. ముందు అతని 1973 నాటి ఆల్బమ్ ‘సాలిడ్ ఎయిర్’ పెడదాం. టైటిల్ పాట స్నేహితుడు, గాయకుడు నిక్ డ్రేక్ గురించి రాసింది. మరుసటి ఏడాదే డ్రేక్ పోయాడు. దయచేసి ఫోన్ స్పీకర్‌లో వినొద్దు, డానీ థాంప్సన్ డబుల్ బాస్ సగం మాయమైపోతుంది. మార్టిన్ మాటల చివర్లు మింగేస్తూ పాడతాడు, ఆ ఖాళీల్లోకి బాస్ దూరుతుంది. అసలు మజా అక్కడే.

గిటార్ వాయించేవాళ్లకి: మార్టిన్ సోలో కచేరీల్లో నలుగురు వాయిస్తున్నట్టు వినిపించేది ఒక్క అకౌస్టిక్ గిటారే. దానికి పికప్ (తీగల శబ్దాన్ని యాంప్లిఫైయర్‌కి పంపేది), ఎకోప్లెక్స్ అనే టేప్ డిలే (వాయించింది కాస్త ఆగి మళ్లీ వినిపించే యంత్రం). ఇప్పటి డిలే పెడల్‌తో ప్రయత్నించాలంటే 60,000ని టెంపోతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ సంఖ్యతో) భాగించి 0.75తో గుణించండి. టెంపో 100 అయితే 450 మిల్లీసెకన్లు. రిపీట్లు మూడు నాలుగు చాలు, ఎకో శబ్దం మాత్రం అసలు శబ్దానికి దాదాపు సమానంగా ఉండాలి. బ్రిడ్జి దగ్గర అరచేతి అంచు ఆనించి తీగల్ని పొట్టిగా మోగించండి. పూర్తిగా మోగనిస్తే అంతా కలగాపులగం. రిపీట్లు పెంచేస్తే కూత మొదలవుతుంది. చెయ్యి తొందరపడితే ఎకో ఎదురు తిరుగుతుంది, కాబట్టి ఎకోనే తాళం అనుకోండి.

తర్వాత ‘గ్రేస్ అండ్ డేంజర్’ (1980), డ్రమ్స్ ఫిల్ కాలిన్స్. విడాకుల బాధంతా అందులోనే ఉంది. అతని తాగుడు, ఇంట్లో హింస సంగతి మాజీ భార్య బెవర్లీ స్వయంగా చెప్పింది. పాట బాగుందని దాన్ని దాటేయకండి.

‘లైవ్ ఎట్ లీడ్స్’ వచ్చే వారం.