నాయనకు, ఒక రాతి ఆట సంగతి

విన్నిపెగ్,
ఫిబ్రవరి, ఆదివారం.

నాయనకు,

నేను ఇక్కడ క్షేమం. నువ్వు, అమ్మ, జేజి, తమ్ముడు అక్కడ క్షేమమని తలుస్తాను. మొన్న ఫోనులో ఈ ఆట సంగతి చెప్పబోతే ఫ్యాక్టరీలో రాళ్ల పాలిష్ మిషను చప్పుడుకు నీకు సగం వినపడలేదు. మిగతా సగాన్ని తమ్ముడు చెడగొట్టాడు. "అక్క కెనడాకు పోయి మంచు ఊడుస్తోంది" అని జేజితో అన్నాడట. ఆమె పాపం నా చదువు ఆగిపోయిందేమోనని కంగారు పడిందట. అందుకే ఈ ఉత్తరం. కరెంటు పోయి మిషన్లు ఆగినప్పుడు తీరిగ్గా చదువుకో.

ఊడ్చిన మాట నిజమే. దాని సంగతి తర్వాత. ముందు రాయి సంగతి చెబుతాను.

ఆట పేరు కర్లింగ్. సుమారు 45 మీటర్ల పొడవున్న మంచు పట్టీ మీద గ్రానైటు రాయిని జారవిడిచి, అవతలి చివర గీసిన వలయాల నట్టనడుమకు చేర్చాలి. జట్టుకు నలుగురు, మనిషికి రెండు రాళ్లు. మొత్తం 16 రాళ్లూ వెళ్లాక నడి చుక్కకు ఎవరి రాయి దగ్గరగా ఉంటే ఆ జట్టుకు పాయింట్లు. ఎదుటివాళ్ల రాయిని కొట్టి పక్కకు నెట్టవచ్చు. మన రాయికి ముందు ఇంకొక రాయిని కాపలాగా నిలపవచ్చు. "ఎద్దులు లేని బండలాగుడు" అని తమ్ముడు నవ్వాడు కానీ, బండలాగుడులో బలం కావాలి, ఇందులో అంచనా కావాలి. మా ఎదుటి జట్టులో డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన వంగలేక కర్రతో రాయిని తోస్తాడు. అదీ నియమాల్లో ఉన్నదే. మమ్మల్ని ఓడించింది ముఖ్యంగా ఆయనే.

రాయి బరువు 17 నుంచి 20 కిలోల లోపు. గుండ్రంగా ఉంటుంది, పైన పట్టుకోవడానికి పిడి. నేను చేసిన మొదటి పని దాన్ని తిరగేసి చూడడం. నేర్పించే ఆవిడ విడ్డూరంగా చూసింది. తాడిపత్రిలో పుట్టినదాన్ని, అడుగు చూడకుండా రాయిని ఎలా నమ్ముతాను? అడుగు భాగం లోపలికి గుంటగా ఉంది. సన్నటి వలయం ఒక్కటే మంచుకు తగులుతుంది. అది నున్నగా ఉంటుందనుకుని వేలితో తడిమాను, గరుకుగా ఉంది. నువ్వైతే ఫినిషింగ్ కాలేదని వెనక్కి పంపేవాడివి. గరుకు కావాలనే పెడతారట.

ఇలాంటి రాళ్లలో పేరుపడ్డవి వచ్చేది స్కాట్లాండు పక్కన సముద్రంలో ఉన్న ఐల్సా క్రెయిగ్ అనే దీవి నుంచి. మనుషులు కాపురం లేని చిన్న దీవి. సముద్రపు పక్షులు లక్షణంగా గూళ్లు కట్టుకుని ఉంటాయి కాబట్టి మందు పెట్టి పేల్చడం లేదు. కొన్నేళ్లకొకసారి వెళ్లి, విడివడి పడి ఉన్న బండలను పడవలకెక్కించుకొస్తారు. అక్కడ ఒక్క దీవిలోనే రెండు రకాల గ్రానైటు దొరుకుతుంది. ఒకటి దెబ్బకు ఆగేది. రాయీ రాయీ గుద్దుకున్నా పెచ్చు లేవదు కాబట్టి దానితో ఒళ్లు చేస్తారు. రెండోది చాలా సన్నని రేణువులది, నీళ్లు దాదాపు పీల్చదు. మంచుకు తగిలే అడుగు వలయానికి దాన్ని అతికిస్తారు. కారణం నీకు తేలిగ్గా తెలుస్తుంది. మన దగ్గర రాయి నీళ్లు తాగితే మరక పడుతుంది, అంతే. ఇక్కడ ఆ నీళ్లు రాతి లోపలే గడ్డకడతాయి. గడ్డకట్టిన నీరు తొమ్మిది శాతం దాకా ఉబ్బి, రేణువును రేణువు నుంచి ఊడబెరుకుతుంది. అడుగున చిన్న గుంటలు పడ్డాయా, ఆ రాయి ఇక చెప్పినట్టు వినదు. విన్నిపెగ్‌లో అన్నిటికన్నా పాత కర్లింగ్ క్లబ్బు 1880లో పుట్టింది, దాని పేరే గ్రానైట్.

మంచు కూడా అద్దంలా ఉండదు. ఆటకు ముందు ఒకతను వీపున నీళ్ల డబ్బా కట్టుకుని, చేతిలో గొట్టం ఊపుతూ వెనక్కి నడుస్తాడు. వేరుశనగకు మందు కొట్టే మనిషిని ఇక్కడ చూస్తానని అనుకోలేదు. ఆ చినుకులు పడినచోటే గడ్డకట్టి పొక్కుల్లా నిలుస్తాయి. రాయి వాటి నెత్తి మీదుగా పోతుంది. పొక్కులు లేకపోతే రాయి సగం దూరం కూడా పోదట.

ఇక రాయి వదలడం. రబ్బరు మెట్టుకు ఒక కాలు ఆనించి, గొంతుకూర్చుని, ముందుకు తోసుకుంటూ రాయితో పాటే జారాలి. గొంతుకూర్చోవడం దగ్గర నాకు మంచి పేరు వచ్చింది. నాతో పాటు వచ్చిన ఇక్కడి పిల్లలకు మోకాళ్లు వణికాయి. చిన్నప్పుడు ఫ్యాక్టరీ ఆవరణలో గంటలకొద్దీ రాతి ముక్కలు ఏరిన కాళ్లు కదా నావి. ఆ పేరు ఎంతోసేపు నిలవలేదు. ఎడమ బూటు కింద జారుడు రేకు తొడుగుతారు. దాని మీద లేచి నిలబడగానే వెల్లకిలా పడ్డాను.

రాయి బయలుదేరాక ఇద్దరు దాని ముందు పరుగెడుతూ మంచును రుద్దుతారు. చీపురు అంటారు కానీ కర్ర చివర గుడ్డ దిండు ఉంటుంది. రుద్దితే మంచు పైపొర కాస్త వెచ్చబడి రాయి ఇంకొంత దూరం, ఇంకొంత తిన్నగా పోతుంది. చెయ్యి విడిచిన రాయిని మళ్లీ ముట్టుకోకుండా నడిపించే వీలు ఇదొక్కటే. అవతలి చివర నాయకుడు నిలబడి రుద్దమనో, ఆపమనో గొంతు చించుకుంటాడు. జేజికి ఈ ముక్క బాగా విడమరచి చెప్పు.

తమ్ముడికి ఒక పని. స్టీలు గ్లాసును మన ఇంటి నాపరాతి నేల మీద బోర్లించి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ ముందుకు తోయమను. గ్లాసు ఎడమకు వంగుతుంది. కర్లింగ్ రాయిని అలాగే తిప్పి తోస్తే కుడికి వంగుతుంది, అదీ మూడు నాలుగు అడుగులు. ఎందుకో శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఎంపీసీ చదువుతున్నాడు కదా, తేల్చమను.

వీళ్లకు ఈ ఆట పాతది. 1541లోనే స్కాట్లాండులో పైస్లీ మఠం దగ్గర మంచు మీద రాళ్లు విసిరే పందెం గురించి రాసి పెట్టారట. మన చింతల వెంకటరమణస్వామి గుడి రాతిరథమూ ఆ శతాబ్దానిదే. ఇక్కడ గోధుమ రైతులకు చలికాలమంతా పొలాలు మంచు కిందే కాబట్టి చిన్న ఊళ్లలో కూడా దీనికో షెడ్డు ఉంటుంది. నన్ను తీసుకుపోయిన మా ల్యాబు అమ్మాయి అటువంటి ఊరిదే. క్లబ్బు ఆటల్లో అంపైరు ఉండడు. చీపురు రాయికి తగిలితే తగిలినవాళ్లే చెప్పాలి. ఆట అయ్యాక గెలిచినవాళ్లు ఓడినవాళ్లకు తాగడానికి ఇప్పించడం ఆనవాయితీ. నేను తాగింది వేడి చాక్లెట్ పాలు.

చలి గురించి దిగులు పడవద్దు. బయట సున్నాకు 30 డిగ్రీల దిగువన ఉన్నా, షెడ్డు లోపల మంచు సున్నాకు ఐదు డిగ్రీల దిగువనే ఉంటుంది. మంచు మీదికి వచ్చి కోటు విప్పానంటే నమ్ము. డబ్బు కూడా ఖర్చు కాలేదు. రాళ్లు, చీపుర్లు క్లబ్బువే.

ఇక నీకు ఒక పని, నాయనా. ఫ్యాక్టరీకి వచ్చే గ్రానైటులో నీకు అన్నిటికన్నా సన్న రేణువులదిగా తోచిన ముక్క ఒకటి తీసుకో. బాగా ఆరబెట్టి, కంసాలి దగ్గర తూకం వేయించు. ఒక పగలూ రాత్రీ నీళ్లలో ఉంచి, పైతడి తుడిచి మళ్లీ తూయించు. ఎంత పెరిగిందో ఆదివారం ఫోనులో చెప్పు. మిషన్లు ఆగాకే చెయ్యి.

నీ బిడ్డ