తాతయ్య గోరు

ఒరేయ్ బావా,

మీ హాస్టల్లో ఫోన్లు ఇవ్వరు కాబట్టి ఉత్తరం రాస్తున్నా. ఆదివారం మీ నాన్న నిన్ను చూడటానికి వస్తున్నారట, గోంగూర పచ్చడి సీసాతో పాటు ఇదీ ఇస్తారు. స్టడీ అవర్లో దాచుకుని కాకుండా తీరిగ్గా చదువు.

నువ్వు ఇంటర్‌లో చేరితే నేను పాలీసెట్ రాసి మెకానికల్ డిప్లొమాకి వెళ్లానని మా వాళ్లు ఇంకా బాధపడుతూనే ఉన్నారు. అది వదిలెయ్. మా వర్క్‌షాప్ గురించి నీకు చెప్పాలని వారం నుంచీ ఒకటే ఆరాటం. ఇప్పుడు మా బ్యాచ్‌కి కార్పెంటరీ నడుస్తోంది, తర్వాత ఫిట్టింగ్.

మొదటి రోజు సార్ పనిముట్లు చూపించి రికార్డులో బొమ్మలు వెయ్యమన్నారు. జాక్ ప్లేన్, ట్రై స్క్వేర్, ఫర్మర్ చిజెల్, మ్యాలెట్. ఇంటి దగ్గర ఆ పేర్లు బట్టీ పడుతుంటే అరుగు మీదున్న తాతయ్య "ఏంట్రా అవి?" అన్నాడు. రికార్డు ఇచ్చా. కళ్లకి దగ్గరగా పెట్టుకుని ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి, "ఇది చిత్రిక. ఇది మూలమట్టం. ఇది ఉలి. ఇది కొయ్యసుత్తి" అని చెప్పుకుపోయాడు. అవన్నీ మా అటక మీద గోనెసంచిలో ఉన్నాయి బావా! ఇన్నేళ్లూ వాటి కిందే పడుకున్నా, ఒక్కసారి కూడా దించి చూడలేదు.

చిత్రిక పట్టడం, అంటే చెక్కని గీకి నున్నగా చేయడం, గురించి చెప్తా విను. మొదటి గంటంతా ఎంత బలంగా తోసినా పొట్టు రాలేదు, చెక్క పెచ్చులు పెచ్చులుగా లేచింది. సార్ వచ్చి చెక్కని పక్క నుంచి చూడమన్నారు. చూస్తే నార గీతలు వాలుగా, ఒక చివరికి పోయేకొద్దీ పైకి లేస్తున్నాయి. అవి లేచే వైపుకే తోయాలి. ఎదురు తోస్తే బ్లేడు నార కిందికి దూరి చీల్చేస్తుంది. చెక్క తిప్పి బిగించి మళ్లీ తోశా. సర్రుమని ఒకే చప్పుడు, ఉల్లిపొరంత పలచటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ పైకొచ్చింది. ఇప్పుడు ఆ చప్పుడు కాస్త మారినా చేతికంటే ముందు చెవికి తెలిసిపోతోంది. చెక్క ముఖం చదునైందో లేదో చూడాలంటే మూలమట్టం అంచుని దాని మీద నిలబెట్టి కిటికీ వైపు ఎత్తి పట్టుకోవాలి. కింద నుంచి వెలుతురు కనపడిన చోట పల్లం.

ఆ తర్వాత టీ ల్యాప్ జాయింట్, అంటే రెండు ముక్కల్ని ఇంగ్లీషు T ఆకారంలో అతకడం. ఒక ముక్క చివర సగం మందం తీసెయ్యాలి, రెండో ముక్క నడుమ సగం మందం గాడి తీయాలి, రెండూ కలిస్తే పైన చదునుగా ఉండాలి. నేను గాడికి సరిగ్గా గీతల మీదే కోశా. రంపం తినేది ఒక మిల్లీమీటరు, మహా అయితే ఇంకొంచెం. కానీ అది గాడిలో పోయే చెక్కలోంచి తినాలి, ఉండాల్సిన చెక్కలోంచి కాదు. రెండో ముక్క పెడితే లొడలొడలాడింది. మూడు గంటల పని! ఏడుపొచ్చినంత పనైంది. సార్ తిట్టలేదు. "గీత మిగలాలి" అని ఒక్క మాట అని కొత్త ముక్క ఇచ్చారు. రెండోసారి గీతలు మిగిల్చా. ఉలి కూడా ఒకవైపు నుంచే కొట్టకుండా రెండు పక్కల నుంచీ నడుముకి తెచ్చా, లేకపోతే అవతలి అంచు ఊడిపోతుంది.

దాన్ని తాతయ్యకి చూపిద్దామని అడిగి తెచ్చా. మా తాతయ్య నల్లతుమ్మతో బండి చక్రాలు చేసేవాడు, నీకు తెలుసుగా. చక్రం నడుమ ఉండే కుండలో ఆకులు, అంటే కర్ర ఊచలు, దిగ్గొట్టి, పైన పూటీలు, అంటే గుండ్రటి అంచు ముక్కలు, ఎక్కించి, కాల్చిన ఇనప పట్టా తొడిగి నీళ్లు పోస్తే అది ముడుచుకుని చక్రాన్నంతా బిగించేస్తుందట. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని పోయింది. నాన్నకి నేర్పలేదు, చదువుకోమన్నాడు. ఇప్పుడు కళ్లకి శుక్లాలు. నా జాయింట్ని కళ్లతో చూడలేదు బావా. బొటనవేలి గోరుని అతుకు మీదుగా మెల్లగా లాగాడు. ఒకచోట ఆగాడు. "ఇక్కడ వెంట్రుకవాసి ఎత్తుంది" అన్నాడు. నేనూ వేలు పెట్టి చూశా, ఏమీ తెలియలేదు. గోరు పెట్టి చూస్తే తగిలింది. తర్వాత చెక్క వాసన చూసి "చేవ చెక్కే ఇచ్చారే" అని సంతోషపడ్డాడు. చేవ లేనివాడు అంటామే, అది వడ్రంగం మాటని అప్పుడే తెలిసింది. మాను నడుమ ముదురు రంగులో ఉండే గట్టి చెక్కే చేవ. బెరడు పక్కనుండే లేత చెక్కకి పురుగు తొందరగా పడుతుంది.

ఆ రాత్రే గోనెసంచి దించా. ఉలులన్నీ తుప్పు. ఉలి అంచుకి 25 డిగ్రీల వాలు ఉండాలని సార్ రాయించారు. తాతయ్య నా చేతి మీద చెయ్యి వేసి ఉలి వాలుని సానరాయికి ఆనించాడు, పూర్తిగా ఆనగానే ఆ సంగతి చేతికే తెలిసింది. పదును వచ్చిందో లేదో చూడాలంటే అంచుని దీపం వైపు తిప్పాలి. సన్నటి తెల్లగీత మెరిస్తే ఇంకా మొద్దుగా ఉన్నట్టు. ఏమీ కనపడకపోతే పదునెక్కినట్టు. ఆయన కళ్లు బాగున్నప్పుడే ఇవన్నీ అడిగి ఉండాల్సింది.

ఇప్పుడు పాత గుమ్మం తాలూకు వేప చెక్కతో నాయనమ్మకి పీట చేస్తున్నా. కాళ్లకి కుసులు, అంటే బెజ్జంలో దూరే మొనలు, తీశా, పలకకి నాలుగు బెజ్జాలు కొట్టాలి. రెండు నీకోసం ఉంచుతా. దసరాకి వస్తావుగా, బూట్లు వేసుకుని రా. చెప్పులతో వస్తే తాతయ్య ఉలి పట్టుకోనివ్వడు.

నీ బావ