చిన్నోడి గడ్డం సంగతి

సింగ్‌నగర్, విజయవాడ

ఏరా బావా, ఎలా ఉన్నావు?

మీ చిన్నోడు గని రెస్క్యూ ట్రైనింగ్‌కి పేరిచ్చాడనీ, చెల్లెమ్మ అన్నం మానేసి కూర్చుందనీ రాశావు. నవ్వొచ్చింది. మనం చేరిన రోజు మీ అమ్మ చేసిన గొడవ ముందు ఇదెంత!

బొగ్గు బావులే మూతపడుతుంటే ఇంకా రెస్క్యూ దేనికన్నావు. తొంభైల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైనే ఉండేవాళ్ళం, ఇప్పుడు 40 వేలకు అటూ ఇటూ. బొగ్గులో ఎక్కువ భాగం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులదే. నా గుబులూ అక్కడే. రెస్క్యూ మనిషి ఎక్కడినుంచో ఊడిపడడు కదా, రోజూ బాయిలోకి దిగేవాడే. పైకప్పు చప్పుడు విని ఆగాలో పరిగెత్తాలో చెప్పగలిగే చెవులు ఓపెన్‌కాస్టులో తయారవుతాయా?

పనైతే పోలేదు. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్ తగలబడితే మన రెస్క్యూ వాళ్ళను పిలిచారు. 2025 ఫిబ్రవరిలో ఎస్ఎల్‌బీసీ కాలువ సొరంగం కూలి ఎనిమిదిమంది చిక్కుకుంటే మళ్ళీ పిలిచారు. రెండూ బొగ్గు గనులు కావు, చూశావా!

2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్ళొచ్చి 17 మంది పోయిన సంగతి నీకు నేను చెప్పాలా. 2024లో బుడమేరు మా సందులోకి వచ్చినప్పుడు అదే కళ్ళముందు. మెట్లమీద కూర్చుని, నీళ్ళు ఎంత ఎక్కుతున్నాయో గంటకోసారి గోడమీద సుద్దముక్కతో గీత పెట్టాను. "ఇక్కడా మొదలెట్టారా?" అంది మీ అక్క.

చిన్నోడికి ఒక్కటి చెప్పు. వీపుమీద మోసే ఊపిరి పరికరం 15 కిలోల దాకా బరువుంటుంది. వదిలిన గాలినే సున్నం డబ్బాలో శుభ్రం చేసి, ఐసుముక్క మీదుగా చల్లార్చి మళ్ళీ ఇస్తుంది. నాలుగు గంటలొస్తుంది. లోపలికి పోవడానికి ఎంత ఆక్సిజన్ అయిందో, తిరిగి రావడానికి దానికి రెట్టింపు ఉంచుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మాస్కు రబ్బరుకీ చెంపకీ మధ్య నాలుగు వెంట్రుకలున్నా చాలు, అది దూరిపోతుంది.

మొన్న పంపిన ఫోటోలో చూశాను వాడి గడ్డం, సినిమా హీరోలా! రిటైరై ఇన్నేళ్ళైనా నేను రోజూ గీసుకుంటూనే ఉన్నాను, అలవాటు పోలేదు. ముందు వాణ్ణి మంగలి దగ్గరకు తీసుకెళ్ళి, ఆ ఫోటో పంపు. చాన్నాళ్ళకి కొడుకు మొహం కనిపిస్తే చెల్లెమ్మ కూడా అన్నం తింటుందేమో.

నీ
బావ