బుజ్జికి, పెంకుటిల్లు గురించి

అమలాపురం,
ఆదివారం ఉదయం.

చి.ల.సౌ. బుజ్జికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమిద్దరం కులాసా. అల్లుడుగారూ పిల్లలూ క్షేమమని తలుస్తాను. లంక ఊళ్ళో నువ్వు కొందామనుకుంటున్న పాత పెంకుటింటి ఫోటోలు, మొన్న రాత్రి పంపినవి, అన్నీ చూశాను. మీ అమ్మయితే ఆ మండువా ఫోటోని వేళ్ళతో పెద్దది చేసుకుని, స్తంభాల మీద చెక్కిన లతలు ఎన్నున్నాయో లెక్కపెట్టింది. నువ్వు ఫోన్ చేసినప్పుడు "చూద్దాంలే అమ్మా" అని పెట్టేశానని అలిగావట. ఫోన్లో చెప్పే సంగతి కాదు. ఫోటోల కింద నువ్వొక మాట రాశావు, "పెరట్లో తూర్పు మూల జామ మొక్క వేసుకుందాం నాన్నా, మన పాత ఇంట్లోలాగ" అని. అది చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు వ్యవహారం సంగతి. బ్రోకరు మాట విని శుక్రవారం బయానా ఇచ్చేస్తానన్నావు. ఇవ్వకు. "వేరే పార్టీ రెడీగా ఉంది" అని అతను అన్నాడంటే అతని పని అతను చేస్తున్నాడు. నా సర్వేయరు ఉద్యోగంలో ఆ వేరే పార్టీని ఒక్కసారీ కళ్ళతో చూడలేదు. ఇల్లు కొలవాలి, విప్పి చూడాలి. ఆ రెండూ అయ్యాక బయానా. రెండింటికీ డబ్బిచ్చి మనుషుల్ని పెట్టుకో. వాళ్ళకిచ్చేది నువ్వు రిజిస్ట్రేషన్‌కి కట్టబోయే దాంట్లో ఒక మూలకి రాదు.

నువ్వు పంపిన దస్తావేజు నకలు రెండుసార్లు చదివాను. ఆరు సెంట్లు అని ఉంది. సెంటు అంటే 48.4 గజాలు, ఆరు సెంట్లు 290 గజాల పైచిలుకు. బాగానే ఉంది. కానీ దాని కింద హద్దులు చూశావా? తూర్పు ఫలానా వారి దొడ్డి, దక్షిణం వీధి, పడమర ఉమ్మడి గోడ, ఉత్తరం పంటబోదె, అంటే పొలాలకి నీళ్ళు పోయే కాలవ. అంతే. ఏ వైపు ఎన్ని అడుగులో ఒక్క అంకె లేదు. ఆ "ఫలానా వారు" ఎప్పుడు పోయారో, ఆ దొడ్డి ఇప్పుడు ఎంతమంది చేతుల్లో ఉందో ఎవరికి తెలుసు?

సర్వే నంబరు దగ్గర గ్రామకంఠం అని ఉంది. అదేంటో నీకు తెలియాలి. తెల్లవాళ్ళ కాలంలో గొలుసు పట్టుకుని పొలాలన్నీ కొలిచినవాళ్ళు ఊరి దగ్గరికి వచ్చేసరికి చుట్టూ ఒక గీత గీసి, ఇళ్ళన్నిటికీ కలిపి ఒకే నంబరు ఇచ్చి వదిలేశారు. ఇళ్ళ స్థలాల మీద శిస్తు రాదు కదా, వాళ్ళకి కొలవాల్సిన అవసరం ఏముంది? పొలం హద్దు తగాదా వస్తే కొలతల పుస్తకం తీసి, 66 అడుగుల గొలుసు పరిచి, ఇదిగో నీ రాయి అని చూపించేవాణ్ణి. గ్రామకంఠంలో తగాదా వస్తే ఆ పుస్తకంలో చూపించడానికి ఏమీ ఉండదు. గోడలూ దడులూ చూరులూ, ముసలివాళ్ళ జ్ఞాపకాలూ, వాటితోనే తేల్చుకోవాలి. ఇంటిపన్ను రసీదులు ఇరవై ఏళ్ళవి ఉన్నాయి అని గొప్పగా చూపిస్తారు. అవి పంచాయతీకి పన్ను కట్టినట్టు రుజువు, అంతకుమించి పనికిరావు.

ఇప్పుడు కాలం మారిందనుకో. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ అనే పథకం మొదలుపెట్టి, ఊళ్ళల్లో ఇళ్ళ స్థలాలని డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇస్తోంది. అదే ఏడాది డిసెంబరులో మన రాష్ట్రంలోనూ రీసర్వే మొదలైంది. ఆ ఊళ్ళో ఎంతవరకు వచ్చిందో గ్రామ సచివాలయంలో సర్వేయరుని అడుగు, ఆ ఇంటికి కార్డు వచ్చుంటే నకలు తీసుకో. అయినా సరే విడిగా కొలిపించు. డ్రోనుకి గోడ కనిపిస్తుంది కానీ, ఆ గోడ ఎవరి తాత కట్టించాడో కనిపించదు.

ఇంక జామచెట్టు సంగతి. దీన్ని ఇన్నేళ్ళు నీ దగ్గర దాచాను.

మన పాత ఇల్లు నేను కొన్నది 1994లో. అమ్మినాయన నాకు బాగా కావలసినవాడు, ఒకే కంచంలో తిన్నవాళ్ళం. మండలం అంతా తిరిగి అందరి హద్దులూ కొలిచే మనిషిని, నా ఇంటికి మాత్రం టేపు తీయలేదు. తీస్తే ఆయన మీద అనుమానపడ్డట్టు ఉంటుందని సిగ్గుపడ్డాను. తూర్పువైపు కొబ్బరాకు దడి ఉండేది, గుర్తుందా? దడి ఇవతల అంతా మనదే అన్నాడు, నమ్మాను. నువ్వు ఎక్కి కూర్చునే జామచెట్టు ఆ దడిని ఆనుకునే ఉండేది.

1996 నవంబరు 6న తుఫాను వచ్చింది. ఆ రాత్రి పెంకులు పిడకల్లా ఎగిరిపోతుంటే నిన్ను పందిరిమంచం కింద దూర్చి మీ అమ్మా నేనూ అడ్డం కూర్చున్నాం. తెల్లారి చూస్తే దడి లేదు. కొత్త దడి కట్టబోతుంటే తూర్పు పక్కవాళ్ళు దస్తావేజు పట్టుకొచ్చారు. వాళ్ళ కాగితంలో వీధి ముఖం అడుగులతో సహా రాసి ఉంది. అప్పుడు తీశాను టేపు. అటువైపు నాలుగు అడుగులు వాళ్ళది. మనకి అమ్మినాయన తండ్రో, ఆయన తండ్రో, దడి మార్చినప్పుడల్లా కాస్త కాస్త జరుపుకుంటూ వచ్చారు. నాలుగు అడుగుల వెడల్పు, అరవై అయిదు అడుగుల పొడవు, అంటే 29 గజాలు. నేను డబ్బు పోసి కొన్న స్థలం.

ప్లీడరుగారు పన్నెండేళ్ళ స్వాధీనం చూపించి కోర్టుకి వెళ్ళొచ్చన్నారు. ఏ దడి ఏ ఏడు జరిగిందో సాక్ష్యం చెప్పేవాడు ఎవడు? పైగా సర్వేయరే పక్కవాడి స్థలం కలుపుకున్నాడని ఊళ్ళో అనుకుంటే నేను ఎవరి పొలంలో గొలుసు పరవగలను? పెద్దమనుషుల్లో కూర్చుని వదులుకున్నాను. వాళ్ళు గోడ కట్టుకున్నారు, గోడ వరసలో చెట్టు అడ్డం వచ్చింది. నీకేమో తుఫానుకి వేళ్ళు కదిలాయమ్మా, మీద పడుతుంది, కొట్టేయాలి అని చెప్పాను. రెండు రోజులు అన్నం తినలేదు నువ్వు. చెట్టుకి ఏ రోగమూ లేదు బుజ్జీ. ఆ ఏడు కాపు కూడా బాగా కాసింది.

సరే, ఇప్పుడు నీ ఇల్లు.

కొలిచేవాడికి నాలుగు మూలలూ కొలవమని చెబితే చాలదు. ఉమ్మడి గోడ మందం ఎంత, అందులో మీ సగం ఎంత? దాని మీద పక్కింటివాళ్ళ దూలాలు ఆని ఉన్నాయా? మీ చూరు నీళ్ళు ఎవరి స్థలంలో పడుతున్నాయి, వాళ్ళ చూరు నీళ్ళు మీ దొడ్లో పడుతున్నాయా? ఫోటోలో పడమటి చూరు ఉమ్మడి గోడ దాటి రెండడుగులు వేలాడుతోంది. ఇరవై ఏళ్ళు అడ్డులేకుండా నడిచిన దారికీ, పారిన నీళ్ళకీ చట్టంలో హక్కు ఉంది, 1882 నాటి చట్టం అది. పెరటి గుమ్మంలోంచి ఎవరైనా బోదె దగ్గరికి నడుస్తున్నారేమో పొద్దున్న ఆరింటికి వెళ్ళి చూడు. మధ్యాహ్నం వెళితే ఎవరూ కనపడరు.

బోదె గట్టు మీద ఆరు కొబ్బరిచెట్లు ఉన్నాయి కదా, వాటిని కూడా ఇంటితోపాటు ఇస్తామన్నారని రాశావు. గట్టు పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి అయితే అవి వాళ్ళవి కావు ఇవ్వడానికి. ఆ నంబరు 22ఎ నిషేధ జాబితాలో ఉందేమో చూడాలి. ఉంటే రిజిస్ట్రేషనే కాదు. కొలత రోజున తూర్పు పడమర ఇళ్ళవాళ్ళని ఇద్దరినీ పిలిచి, వాళ్ళ ఎదుటే టేపు పరిచి, స్కెచ్ మీద వాళ్ళ సంతకాలు తీసుకో. సంతకం పెట్టనన్నవాడి వైపే తగాదా ఉన్నట్టు లెక్క.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను, మన ప్లీడరుగారు చూసుకుంటారు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, కంప్యూటర్లో 1983 నుంచి వస్తుంది, అంతకుముందుది చేత్తో వెతికించాలి. అమ్మేది ఇద్దరు అన్నదమ్ములు అన్నావు. వాళ్ళకి అక్కచెల్లెళ్ళు ఉన్నారా? ఎవరూ చెప్పలేదు, నువ్వూ అడగలేదు. పిత్రార్జితంలో, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే వాటా ఇచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. కాకినాడలోనో కువైట్‌లోనో ఉన్న చెల్లెలు సంతకం పెట్టకపోతే అదొక నాలుగడుగుల కథ అవుతుంది.

కట్టడం చూడ్డానికి వేరే మనిషి కావాలి. ఇంజనీరయితే చాలదు. స్లాబులు పోసే కుర్రాళ్ళు పెంకుటింటిని చూసి "కూల్చేసి కట్టుకోండి సార్" అంటారు, వాళ్ళకి తెలిసింది అదే. పాత సున్నం గోడలు బాగుచేసిన అనుభవం ఉన్న ఇంజనీరుని వెతుకు, వెంట ముసలి వడ్రంగిని ఒకణ్ణి తీసుకెళ్ళు. నన్నడిగితే వడ్రంగే ముఖ్యం.

ఫోటోల్లో నాకు అనుమానం తగిలింది వీధి గోడ దగ్గర. మిగతా ఇల్లంతా సున్నం, ఆ ఒక్క గోడకి నడుము ఎత్తువరకు సిమెంటు పూత, మీద కొత్త రంగు. పునాదిలోంచి చెమ్మ ఎక్కుతుంటే దాన్ని కప్పడానికి అలా చేస్తారు. సున్నం గోడ చెమ్మని పీల్చి మళ్ళీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఊపిరి ఆగినట్టే, చెమ్మ లోపలే ఉండి ఇటుకని తినేస్తుంది. వేలి మెటికతో కొట్టుకుంటూ వెళ్ళు, బోలుగా మోగిన చోట పూత విడిపోయి ఉంటుంది. పూత ఆగిపోయిన గీతకి పైన తెల్లగా ఉప్పు పొడి రాలుతోందేమో చూడు.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు కనిపిస్తోంది, మూడో ఫోటోలో. పూతలో సన్నని వెంట్రుక పగుళ్ళు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఇలా మూలలోంచి ఏటవాలుగా పోయేది మాత్రం పునాది కుంగితే వస్తుంది. ఎప్పుడో కుంగి ఆగిపోయిందా, ఇంకా కుంగుతోందా అన్నది తేలాలి. దానికో చిన్న ఉపాయం ఉంది. పగులుకి అడ్డంగా బెత్తెడు కాగితం ముక్క మైదా పేస్టుతో అంటించి, పెన్సిల్‌తో తేదీ వేసి రా. నెలా రెండు నెలల్లో కాగితం చిరిగితే గోడ కదులుతోందన్నమాట. అమ్మేవాళ్ళు దీనికి ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే.

కప్పు సంగతి. వీధిలో కాస్త దూరంగా నిలబడి ఇంటి వెన్ను చూడు, తాడు కట్టినట్టు తిన్నగా ఉండాలి, ముసలి గేదె నడుములా వంగకూడదు. తర్వాత అటక ఎక్కించి, గోడలో దూరిన చోట వాసాల కొసల్ని స్క్రూడ్రైవరుతో పొడిపించు. మధ్యలో వాసం ఇనుములా ఉంటుంది, కొస వెన్నలా దిగిపోతుంది. గోడ చెమ్మా చెదలూ పట్టేది అక్కడే. మన వైపు ఇంకో సంగతి కూడా ఉంది. 1996 తర్వాత కర్ర దొరక్క, చేతిలో డబ్బు లేక, చాలామంది టేకు వాసాలు పోయిన చోట సరుగుడు వేసి పైన పెంకు కప్పేశారు. కింద నుంచి చూస్తే అన్నీ నల్లగా ఒకేలా ఉంటాయి. వడ్రంగి తట్టి చూసి చెప్పగలడు, మనకి తెలియదు.

లంక ఊరు కాబట్టి వరద సంగతి అడక్కుండా రాకు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది, 2022 జులైలో 71 దాటింది. ఆ రెండుసార్లూ ఈ ఇంట్లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అమ్మేవాళ్ళని అడిగితే "అరుగు ఎక్కలేదండీ" అంటారు. ఎదురింటి ముసలమ్మని అడుగు. ఆవిడ చేత్తో గోడ మీద చూపిస్తుంది.

ఇవన్నీ చదివి "నాన్న కొనొద్దంటున్నాడు" అనుకోకు. ఆ మండువాలో వాన పడుతుంటే చూడాలని నాకూ ఉంది. లోపాలు ఉంటే ధర తగ్గించమని అడగొచ్చు, వాసాలు పది మార్చుకోవచ్చు, గోడకి సిమెంటు గీకించి మళ్ళీ సున్నం పెట్టించొచ్చు. హద్దు తేడా అయితే మాత్రం వాళ్ళు సరిచేసి, కొత్త కొలతలు అడుగులతో సహా దస్తావేజులో రాయించాకే డబ్బు.

నువ్వే కొలవొచ్చుగా నాన్నా అంటావు. కొలవను. కొనేవాళ్ళ తండ్రి టేపు పడితే పక్కింటివాళ్ళు నమ్మరు. పైగా ఫోటోలు చూసినప్పటి నుంచి నాకు ఆ ఇల్లు నచ్చేసింది, నచ్చిన ఇంటిని ఎలా కొలుస్తానో ఒకసారి చూశాం. లైసెన్సున్న సర్వేయరు ఒకతను ఉన్నాడు, నాకు చుట్టమూ కాదు స్నేహితుడూ కాదు, అందుకే అతని పేరు అనుకున్నాను. ఉపగ్రహాల సాయంతో పనిచేసే రోవరు మిషనుతో కొలుస్తాడు. వచ్చే శనివారం ఖాళీ అన్నాడు. నువ్వూ అల్లుడుగారూ శుక్రవారం రాత్రి బయల్దేరి రండి. నేను గొడుగేసుకుని పక్కన నిలబడతాను, నోరు విప్పను. (మీ అమ్మ నవ్వుతోంది.)

పిల్లలకి ముద్దులు. మీ అమ్మ పనసపొట్టు ఆవకాయ సీసా కట్టి ఉంచింది.

ఇట్లు,
నాన్న

తా.క. జామ మొక్క కడియం నర్సరీలో చెప్పి ఉంచుతాను. హద్దురాళ్ళు పాతాక, తూర్పు హద్దుకి బాగా ఇవతల గుంట తీయిద్దాం.