లెక్కలు చూసేవాళ్ళను పంపేశాక

సంపాదకులు గారికి,

అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో దుబారా గురించి, దాన్ని అరికడతామంటూ 2025లో పెట్టిన 'డోజ్' (ప్రభుత్వ సామర్థ్య విభాగం) గురించి మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. మనకూ అలాంటిది ఒకటి కావాలని కొందరు రాశారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు వర్జీనియాలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అందుకే నా మాట కూడా చెప్పాలనిపించింది.

దుబారా లేదని నేననను. మన కాగ్ లాంటి సంస్థ అక్కడ జీఏవో. 2024 ఆర్థిక సంవత్సరంలో ఫెడరల్ సంస్థల సరికాని చెల్లింపులు దాదాపు 16,200 కోట్ల డాలర్లని అంచనా కట్టింది అదే. వృద్ధులకూ, పేదలకూ వైద్య ఖర్చులు భరించే మెడికేర్, మెడికెయిడ్ పథకాలది అందులో పెద్ద వాటా. అయితే అదంతా దొంగసొమ్ము కాదు. అర్హతకు మించి ఇచ్చినవీ, కాగితాలు సరిగా లేనివీ అందులోనే ఉంటాయి. మనం ఆడిట్ పేరాలో "వోచరు జతపరచలేదు" అని రాస్తామే, అలాంటివి. ఏది తప్పో, ఏది మోసమో తేలాలంటే ఫైలు ముందేసుకుని కూర్చోవాలి.

అలా కూర్చునేవాళ్ళనే ముందు పంపేశారు. 2025 జనవరి 24 రాత్రి ట్రంప్ ప్రభుత్వం సుమారు 17 మంది ఇన్‌స్పెక్టర్ జనరళ్ళను, అంటే ప్రభుత్వ సంస్థల్లో తనిఖీ చేసే అధికారులను, తొలగించింది. 30 రోజుల ముందే కారణాలతో సహా అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు తెలపాలని చట్టం చెబుతున్నా పట్టించుకోలేదు.

ఆ తర్వాత 150 ఏళ్ళవాళ్ళకు సోషల్ సెక్యూరిటీ (అక్కడి ప్రభుత్వ పెన్షను) డబ్బు పోతోందని డోజ్‌ను నడిపించిన ఈలాన్ మస్క్ అన్నారు. నూరేళ్ళు దాటినా మరణం నమోదు కాని వాళ్ళ నంబర్లు 1.89 కోట్లున్నాయని, వాటిలో దాదాపు దేనికీ డబ్బు వెళ్ళడం లేదని సోషల్ సెక్యూరిటీ సంస్థ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2023లోనే రాసిపెట్టింది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే మన పెన్షనర్లను అడగండి, రిజిస్టరులో పేరుండటం వేరు, పెన్షను పడటం వేరు అని వాళ్ళే చెబుతారు. 80 లక్షల డాలర్ల కాంట్రాక్టును 800 కోట్ల డాలర్ల పొదుపుగా డోజ్ వెబ్‌సైట్‌లో చూపించి తర్వాత దిద్దుకున్నారు. అణ్వాయుధాల బాధ్యత చూసే సంస్థలో వందల మందిని తీసేసి, రోజుల్లోనే చాలామందిని వెనక్కి పిలిచారు.

అన్నిటికన్నా నాకు బెంగగా ఉన్నది జనం వివరాల సంగతి. అక్కడ ఉద్యోగం చేసే మన పిల్లలందరికీ సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటుంది. బ్యాంకు, జీతం, పన్ను, అద్దె ఇల్లు, అన్నీ దానితోనే. 2015లో ఫెడరల్ సిబ్బంది వ్యవహారాల కార్యాలయం నుంచి 2.15 కోట్ల మంది వివరాలు, 56 లక్షల మంది వేలిముద్రలు పోయాయి. పాస్‌వర్డు మార్చుకోవచ్చు, వేలిముద్ర ఎలా మార్చుకుంటారు? అంత జరిగాక కూడా 30 కోట్లకు పైగా జనం వివరాలున్న సోషల్ సెక్యూరిటీ డేటాను సరైన కాపలా లేని క్లౌడ్‌లోకి (ఇంటర్నెట్ మీది నిల్వలోకి) డోజ్ వాళ్ళు కాపీ చేశారని ఆ సంస్థ ముఖ్య డేటా అధికారే 2025 ఆగస్టులో ఫిర్యాదు చేశారు. డేటా భద్రంగానే ఉందని సంస్థ అప్పట్లో అంది. ఆ మాట నిజమో కాదో బయటివాళ్ళు తనిఖీ చేసి చెప్పాలి.

మా ఆఫీసులో రికార్డు గదిలోంచి ఒక్క ఫైలు తీసినా రిజిస్టరులో సంతకం పెట్టేవాళ్ళం. మనకూ డోజ్ కావాలంటున్న మిత్రులు దయచేసి ముందు ఇది అడగండి: కాగ్ నివేదికలను సమావేశాల చివరి రోజున కాకుండా, చర్చకు వీలున్నప్పుడే శాసనసభలో పెట్టమనండి.

ఇట్లు,
విశ్రాంత ఆడిట్ ఉద్యోగి,
గుంటూరు